అరువు కమానులతో తపాలా బండి

ఢిల్లీ నగరపు పడమటి భాగంలో నరైనా పారిశ్రామిక వాడ, మాయాపురి ఇరుగుపొరుగు ప్రాంతాలు. నరైనాలో తపాలా శాఖవారి మెయిల్ మోటారు సర్వీసు ఉన్నది. మాయాపురిలో పాత వాహనాలను విప్పి, పనికివచ్చే భాగాలను విడిగానూ, పనికిరాని వాటిని తుక్కుగానూ అమ్మే బజారు ఉన్నది. ఒకచోట ప్రజల ఉత్తరాలు, పార్సెళ్ళు మోసే ఎర్ర బండ్లు. మరొకచోట ఆయువు తీరిన బండ్ల ఇరుసులు, కమాను కట్టలు, స్టీరింగు పెట్టెలు. ఈ రెండింటికీ నడుమ దూరం కొద్దిపాటిదే. ఆ కొద్ది దూరంలోనే, ఒక పాత పికప్ బండి ముందు ఇరుసు క్రింద ఏ భాగాన్ని ఎవరు మార్చారు, ఏ కొలతతో మార్చారు అన్న ప్రశ్నకు జవాబు చెప్పే నాథుడు లేకుండా పోయాడు.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో కమాను కట్టల గొడవ ఏమిటని కొందరు సోదరులు నవ్వవచ్చును. ఎనిమిదవ వేతన సంఘం గూర్చి, పెన్షను గూర్చి, ఖాళీల భర్తీ గూర్చి వ్రాయవలసిన చోట ఇది చిల్లర విషయంగా తోచవచ్చును. కాని స్టేషనులో దిగిన పార్సెలు సంచి మన చేతుల మీదుగా బయటికి పోయిన తరువాత అది ఎక్కేది ఏ బండి? ఎన్నోచోట్ల అది శాఖవారి సొంత బండి కాదు, కాంట్రాక్టరు బండి. దానిని నడిపేవాడు మన సంఘ సభ్యుడు కాకపోవచ్చును గాని, మనము చేయవలసిన పనిలోని ఒక భాగాన్ని తక్కువ కూలికి చేస్తున్నవాడు. అతని ప్రాణం ఆధారపడి ఉన్నది ఆ ముందు ఇరుసు మీదనే.

కొన్ని శీతాకాలాల క్రిందట మేము స్వయంగా చూచిన సంగతి ఒకటి చెబుతాము. తెల్లవారు జామున, పొగమంచులో, ఒక స్టేషను పార్సెలు ఆవరణలో సంచులు దింపి వెళ్ళబోతున్న పికప్ డ్రైవరు ఒకడు మా సంఘ బిల్లను చూచి ఆగాడు. తూర్పు ఉత్తరప్రదేశ్ నుండి వచ్చినవాడు. ఏభై దాటిన మనిషి. "బాబూజీ, బ్రేకు వేస్తే బండి ఎడమకు పోతున్నది. రాత్రంతా కుడికి పట్టుకొని నడుపుతున్నాను, భుజం పడిపోతున్నది. చెబితే బండి దిగిపొమ్మంటున్నారు" అన్నాడు. మాతోపాటు ఉన్న ఒక విశ్రాంత సోదరుడు, క్యారేజి షాపులో ముప్ఫై యేండ్లు పనిచేసినవాడు, టార్చి పట్టుకొని వాలుగా పడుకొని బండి క్రిందికి చూచాడు. కుడివైపు కమాను కట్టలో ఐదు పట్టీలు. ఎడమవైపు ఆరు. ఆ ఆరు పట్టీల కట్ట ఈ బండిది కానే కాదు. మరో నమూనా బండి నుండి విప్పి తెచ్చినది. యూ బోల్టులు పాతవే మళ్ళీ బిగించారు. ఆయన లేచి, ప్యాంటు దులుపుకొని, "రైలు పెట్టెకు ఈ పని చేస్తే నన్ను ఆ రోజే సస్పెండు చేసేవారు" అన్నాడు.

ఆ మాట మా మనసులో నాటుకొనిపోయింది. ఈ వ్యాసమంతా ఆ మాట గూర్చినదే.

ముందు ఆ పనిలోని మర్మమేమిటో తెలుసుకొనుట అవసరం. మోటారు పని తెలిసిన పాఠకులు మన్నింతురు గాక. పాత పికప్‌లలో, చిన్న ట్రక్కులలో చాలావాటికి ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ ఒకే బలమైన ఇనుప ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు ఇరువైపులా కమాను కట్టలపై కూర్చుంటుంది. కట్ట అనగా ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. వాటిని నడుమ ఒక సెంటరు బోల్టు కలిపి పట్టుకుంటుంది, యూ బోల్టులు ఇరుసుకు బిగిస్తాయి. ఇరుసు కొసలలో కింగ్‌పిన్ను, దానిపై తిరిగే స్టబ్ యాక్సిలు, దానికి హబ్బు, చక్రం. స్టీరింగు నుండి వచ్చే డ్రాగ్ లింకు ఒక చక్రాన్ని త్రిప్పితే, టై రాడ్డు రెండవ చక్రాన్ని త్రిప్పుతుంది. తయారీదారులు వేరైనా పట్టీల వెడల్పు, బుష్షు రంధ్రం, షాకబ్సార్బరు పొడవు వంటివి చాలా బండ్లలో దగ్గరదగ్గరగా ఉంటాయి. అందువల్లనే ఒక బండి భాగం మరొక బండికి "పడుతుంది". పడుతుంది అన్న ఆ ఒక్క మాటలోనే మోసమున్నది. పట్టుట వేరు, పనిచేయుట వేరు.

పట్టీ మందాన్ని చూడండి. వెడల్పు, పొడవు సమానమైనప్పుడు ఒక పట్టీ బిగువు దాని మందపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 9 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే, కంటికి కనిపించే తేడా ఒక్క మిల్లీమీటరే. బిగువులో తేడా సుమారు 42 శాతం. కేవలం చూపుతోనూ, బెత్తెడు కొలతతోనూ దీనిని పట్టుకొనుట ఎవరి తరమూ కాదు. ఒక ప్రక్క బిగువుగా, మరొక ప్రక్క మెత్తగా ఉన్న బండి బ్రేకు వేసినపుడు సమంగా క్రుంగదు. ఒక వైపుకు లాగుతుంది. అది సంచులు నిండిన రాత్రి ఒక తీరుగా, ఖాళీగా తిరిగివచ్చే ఉదయం మరొక తీరుగా లాగుతుంది. అందుచేత డ్రైవరుకు అలవాటు కూడ పడదు.

సెంటరు బోల్టు సంగతి ఇంకా దుర్మార్గమైనది. కొన్ని కట్టలలో ఆ బోల్టు సరిగా నడిమధ్యన ఉండదు, ముందువైపుకు జరిగి ఉంటుంది. ఎంత జరిగి ఉంటుందన్నది నమూనాను బట్టి మారుతుంది. ఒక వైపు మాత్రమే వేరే కట్ట వేస్తే, ఆ వైపు ఇరుసు వ్రేలెడు ముందుకో వెనుకకో పోతుంది. ఇరుసు అడ్డంగా కాక ఏటవాలుగా కూర్చుంటుంది. బండి పీత నడక నడుస్తుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది. టైరు అరిగిందని టైరు మారుస్తారు, ఇరుసు మాత్రం అలాగే ఉంటుంది.

మూడవది ఇరుసు వాలు. పోస్టుమాన్ సోదరులకు ఇది చెప్పనక్కరలేదు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కొంచెం వెనుకకు వాలి ఉంటుంది. ఆ వాలు వల్లనే చేతులు వదలినా సైకిలు కొంతదూరం తిన్నగా పోతుంది. మోటారు బండి కింగ్‌పిన్నుకు కూడ అటువంటి వాలే ఉన్నది, దానిని క్యాస్టరు అంటారు. కట్ట ఎత్తు మారితే, ఇరుసుకూ కట్టకూ నడుమ పెట్టే ఏటవాలు బిళ్ళ పోతే, ఆ వాలు మారిపోతుంది; స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడం మానివేస్తుంది. ఇంకొకటి: డ్రాగ్ లింకు ఒక వంపులో కదులుతుంది, కమాను మీది ఇరుసు మరొక వంపులో కదులుతుంది. తయారీదారు ఆ రెండు వంపులూ ఒకదానితో ఒకటి పొసగేట్లు లెక్కకట్టి ఉంటాడు. అరువు కట్టతో ఆ పొంతన చెడితే, గుంటలో పడినపుడు డ్రైవరు త్రిప్పకుండానే చక్రం తిరుగుతుంది. ఢిల్లీ రింగు రోడ్డుపై రాత్రి వేళ ప్రక్కనే బరువు లారీలు పోతుండగా ఇటువంటి చక్రం పట్టుకొని కూర్చున్నవాని స్థితి ఊహించుకొనవచ్చును.

ఇక పాత ఇరుసు బండికి చాసిస్ కోసి, విడివిడిగా కదిలే కాయిల్ స్ప్రింగుల ముందుభాగం అతికించే ప్రయత్నాలు కూడ అక్కడక్కడ జరుగుతున్నవి. కమాను మీద నడిచే పాత జీపు వంశపు బండి ఎగుడుదిగుడుగా నడుస్తుందని, 2000 సంవత్సరంలో వచ్చిన బొలెరో వంటి వాటి కాయిల్ స్ప్రింగుల ముందుభాగం మెత్తగా ఉంటుందని ఆశ. దీనిని గూర్చి మా అభిప్రాయం సూటిగా చెబుతాము: బరువు మోసే బండికి ఇది చేయనే కూడదు. చాసిస్ అడ్డ దూలాన్ని గ్యాసుతో కోసి, వీధిలో వెల్డింగు చేసి, దానిపై మనిషిని కూర్చోబెట్టుట నేరం. ఇందులో మాకు రెండవ అభిప్రాయం లేదు.

ఆ డ్రైవరు బండికి కట్ట మార్చిన ఉస్తాదును వెతుక్కొంటూ మేము వెళ్ళాము. ఒక ఇరుకు సందులో, తాటిపట్ట పందిరి క్రింద చిన్న దుకాణం. కొలిమి, దాగలి, ఒక జాకీ, గోడకు వ్రేలాడే బుష్షుల మాలలు. మేము పోట్లాడడానికి వచ్చామని అతడు అనుకున్నాడు. ఐదు నిమిషాలలోనే అర్థమయింది, ఆ పనిలో మనకంటె అతనికి ఎక్కువ తెలుసు. ఏ బండి కట్ట ఏ బండికి పడుతుందో, ఏది పడినట్టు కనిపించి పడదో అతడు వ్రేళ్ళమీద చెప్పాడు. పట్టీని గ్యాసుతో వేడిచేసి వంచితే దాని పదును పోతుందని, అది మళ్ళీ చతికిలబడుతుందని, వెల్డు పెట్టిన పట్టీ అక్కడే విరుగుతుందని మనకు బోధించాడు. మరి ఎందుకు చేశావని అడిగాము. "జోడీ మార్చాలని చెప్పాను. ఒక వైపుకే డబ్బు ఇచ్చారు. నేను కాదంటే ప్రక్క దుకాణంవాడు చేస్తాడు, వాడు పట్టీలు కూడ లెక్కపెట్టడు" అన్నాడు. కొలిచే పరికరమేమైనా ఉన్నదా అంటే గోడకు ఆనించిన ఒక కర్ర చూపించాడు. దానిపై సుద్దగీతలు ఉన్నాయి. నలభై యేండ్లుగా అతని కొలబద్ద అదే.

విజయవాడ ఆటోనగర్ ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ మనిషి కొత్తవాడు కాదు. పలక పట్టని వయసులో సుత్తి పట్టి, కమాను కట్టేవాని వద్ద నీళ్ళు మోసి, పని నేర్చినవారు మన ప్రాంతంలోనూ ఎందరో ఉన్నారు. వారి విద్యకు సర్టిఫికెట్టు లేదు. వారి తప్పుకు మాత్రం శిక్షాస్మృతి ఉన్నది.

ఈ మార్పిడి విద్య ఎక్కడనుండి వచ్చినదో కూడ ఒక మాట చెప్పుకొనవలె. 1980 దశకంలో జపాను కంపెనీల సాయంతో నాలుగు చిన్న ట్రక్కుల సంస్థలు మన దేశంలో వెలిసినవి. ఢిల్లీకి కూతవేటు దూరంలో ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో డి.సి.ఎం. టొయోటా, పంజాబులో స్వరాజ్ మాజ్దా, మధ్యప్రదేశ్ పీతంపూర్‌లో మిత్సుబిషి సహకారంతో ఐషర్, మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్. చివరిదానికి మూలం రాష్ట్ర ప్రభుత్వరంగ సంస్థయైన హైదరాబాదు ఆల్విన్. అదే దశకంలో టాటావారు 407ను తెచ్చారు. దేశవాళీ గతుకులను, మన అధిక బరువులను తట్టుకొని 407 నిలిచింది. ఆల్విన్ నిస్సాన్ ఆ దశకం చివరికే మహీంద్రా చేతికి పోయింది. డి.సి.ఎం. టొయోటా 1990ల మధ్యలో డేవూ పరమై, ట్రక్కులు మాని కార్లు పట్టి, ఆపైన కొద్ది యేండ్లకే ఆ కర్మాగారం మూతపడింది. అందులోని కార్మికులు వీధిన పడ్డారు. ఆ చరిత్ర వేరు. మన విషయానికి వస్తే, బండ్లు కొన్నవారు అనాథలైనారు. తయారీదారు లేడు, విడి భాగం లేదు, నకిషా లేదు. బండికి మాత్రం బ్యాంకు అప్పు తీరలేదు. అటువంటి బండిని మరి పదేండ్లు రోడ్డుపై నిలిపినవాడు పైన చెప్పిన ఉస్తాదు వంటివాడే. జపాను బండి క్రింద టాటా కమాను, దానికి ఏ కంపెనీదో తెలియని బుష్షు. ఆ బండ్లకు నేడు ఢిల్లీలో తిరిగే అనుమతి లేదు. కాని వాటివల్ల పుట్టిన విద్య మాత్రం నిలిచింది. అవసరంలో నుండి పుట్టిన విద్య క్రమేణా యజమానుల పొదుపుకు సాధనమైనది.

ఇప్పుడు ఆ విశ్రాంత సోదరుని మాటకు వద్దాము. రైలు పెట్టెకు ఇటువంటి పని చేస్తే సస్పెండు చేస్తారు అన్నాడు. ఆయన మాట వింటే రైల్వేలో పాత భాగాల మార్పిడి లేదనిపిస్తుంది. నిజానికి రైల్వే షాపులలో ప్రతిదినం జరిగేది మార్పిడే. లాలాగూడలోనో తిరుపతిలోనో పెట్టె పీరియాడికల్ ఓవర్‌హాలుకు వచ్చినపుడు, దాని బోగీ విప్పితే, దాని స్ప్రింగులు తిరిగి దానికే పోవాలన్న నియమమేమీ లేదు. ఒక పెట్టె స్ప్రింగు మరో పెట్టెకు పోతుంది, ఒక బోగీ చక్రాల జత మరో బోగీకి పోతుంది. కాని ఎలా పోతుంది? ఐ.సి.ఎఫ్. బోగీ కాయిల్ స్ప్రింగును యంత్రంపై పెట్టి, నిర్ణీతమైన బరువు వేసి, ఎంత ఎత్తుకు క్రుంగిందో కొలిచి, ఏ, బి, సి గ్రూపులుగా విభజిస్తారు. ఒక బోగీలో ఒకే గ్రూపు స్ప్రింగులు వేయవలె. చక్రాలను చెక్కిన తరువాత ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాల వ్యాసంలో తేడా అర మిల్లీమీటరు మించకూడదు. ఒకే బోగీలో 5 మిల్లీమీటర్లు, పెట్టె మొత్తంలో 13 మిల్లీమీటర్లు. ఇరుసును అల్ట్రాసోనిక్ పరీక్ష చేసి, లోపల బీట లేదని తేల్చుకొని గాని పంపరు. ఆ పని చేసినవాని పేరు రిజిస్టరులో ఉంటుంది.

క్యారేజి షాపులోని ఫిట్టరు, వీధిలోని ఉస్తాదు చేసేది ఒకే జాతి పని. ఒకనికి నకిషా, కొలబద్ద, పరీక్షా యంత్రం, జీతం, సంఘం ఉన్నవి. అందుచేత అతని మార్పిడి ఓవర్‌హాలు అయినది. రెండవవానికి సుద్దగీతల కర్ర ఉన్నది. అందుచేత అతని మార్పిడి జుగాడు అయినది. జుగాడు అన్న హిందీ మాటను ఇటీవల పెద్దలు భారతీయ ప్రతిభకు పర్యాయపదంగా ఉపన్యాసాలలో వాడుతున్నారు. ఆ ఉపన్యాసకులు స్వయంగా జుగాడు ఇరుసు బండి ఎక్కినట్లు మేము వినలేదు.

చట్టమేమి చెబుతున్నది? మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేటట్లు బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణతో 182-ఏ సెక్షను వచ్చింది. అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు మాసాల వరకు జైలు. మంచిదే. కాని రిజిస్ట్రేషను పత్రంలో ఏమున్నవి? ఇంజను నంబరు, చాసిస్ నంబరు, రంగు, వీలుబేసు, ఖాళీ బరువు, ఇరుసు బరువులు. కమాను కట్టలో ఎన్ని పట్టీలో, ఎంత మందమో అందులో లేదు. రంగు మారిస్తే పట్టుబడే బండి, కట్ట మారిస్తే పట్టుబడదు. ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండికి సంవత్సరానికొకసారి ఫిట్‌నెస్ పరీక్ష. మిగిలిన మూడువందల అరవై నాలుగు రోజులు పరీక్షించేవాడు డ్రైవరొక్కడే, అతని భుజమే అతని యంత్రం. యంత్రాలతో పరీక్షించే కేంద్రాల నిబంధనలు 2021 సెప్టెంబరులో వెలువడినవి. వీటిని మేము స్వాగతిస్తున్నాము. చక్రం ప్రక్కకు ఎంత జారుతున్నది, రెండు వైపుల బ్రేకు సమంగా పట్టుతున్నదా అన్నది యంత్రం చెప్పగలదు. ఇన్‌స్పెక్టరు చేతి సంతకం కంటె అది మేలు.

అయితే ఢిల్లీలో ఇప్పుడు నడుస్తున్న వాదమంతా బండి స్థితి గూర్చి కాదు, బండి వయస్సు గూర్చి. 2014, 2015 సంవత్సరాలలో జాతీయ హరిత ట్రిబ్యునల్, 15 ఏండ్లు దాటిన బండ్లు, 10 ఏండ్లు దాటిన డీజిలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరుగరాదని ఉత్తర్వులిచ్చింది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు దానికే మొగ్గింది. 2025 జూలై 1 నుండి అటువంటి బండ్లకు ఢిల్లీ బంకులలో ఇంధనం పోయరాదన్నారు. రోజులు తిరగకముందే ఆ ఉత్తర్వును నిలిపివేశారు. ఆగస్టు 12న వయస్సు ఒక్కటే కారణంగా యజమానులపై బలవంతపు చర్య వద్దని కోర్టు అన్నది. డిసెంబరు 17న ఆ రక్షణను బి.ఎస్.-4, ఆ పై ప్రమాణాల బండ్లకు మాత్రమే పరిమితం చేసింది. గాలి కాలుష్యాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. నవంబరు మాసంలో ఆ గాలి మధ్య సైకిలు త్రొక్కేవాడు పోస్టుమాన్. పట్టాల ప్రక్కన నిలబడేవాడు గ్యాంగుమాన్. చల్లని గదులలో గాలిని శుద్ధిచేసుకొని కూర్చొనేవారికంటె మనకే ఆ చట్టం ఎక్కువ అవసరం. మా అభ్యంతరం వేరొకటి. పొగకు హద్దు పెట్టినారు గనుక బండి సురక్షితమైనదని తృప్తిపడుట తప్పు. తొమ్మిదేండ్ల వయసుగల, పొగ పత్రం సరిగా ఉన్న బండి, క్రింద ఐదు పట్టీలు ఒకవైపు, ఆరు ఒకవైపు పెట్టుకొని హాయిగా నడుస్తున్నది. పదవ యేడు నిండగానే నిరభ్యంతర పత్రం పట్టుకొని వేరే రాష్ట్రానికి పోతుంది. అక్కడ అదే కట్టతో, అక్కడి డ్రైవరుతో తిరుగుతుంది.

పైగా, యజమానికి ఒక లెక్క ఉన్నది. బండిని పదేండ్లకు వదలుకొనవలసియున్నపుడు ఎనిమిదవ యేట కొత్త కమాను జోడీ ఎవడు కొంటాడు? వయస్సుపై గీసిన గీత మరమ్మతు ఖర్చును ముందే నరికివేస్తున్నది. ఆ చివరి రెండేండ్లు అరువు భాగాల కాలం. పొగను అరికట్టే నియమం ఉండవలసిందే. కాని దాని ప్రక్కన ముందు ఇరుసును, స్టీరింగును పరీక్షించే నియమం లేకపోతే, ఒక హానిని తగ్గించి ఇంకొక హానిని డ్రైవరు నెత్తిన పెట్టినట్లే.

తుక్కు సంగతి చూడండి. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏండ్లు దాటిన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను రద్దు. వాటిని రిజిస్టరు అయిన తుక్కు కేంద్రాలకు అప్పగించవలె. 2025 ఏప్రిల్ నుండి వచ్చిన కొత్త నిబంధనలు పాత వాహనాల విషయంలో తయారీదారుల బాధ్యతను ఉక్కు తూకంలో లెక్కిస్తున్నవి. తూకం మంచి లెక్కే. కాని తూకంలో బీటపడిన స్టబ్ యాక్సిలూ, ఇంకా పదేండ్లు పనిచేయగల స్టబ్ యాక్సిలూ ఒక్కటే. రెండూ కొలిమికే. మరొకవైపు మాయాపురి వంటి బజారులో ఆ రెండూ అమ్మకానికే. పరీక్షించి మంచిదానిని మంచిదని ముద్రవేసి అమ్మేవారు, చెడ్డదానిని కోసివేసేవారు ఎక్కడా లేరు.

పరీక్షలేని తుక్కు ఏమి చేయగలదో మాయాపురికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1970లలో మోతియాఖాన్ నుండి తరలించబడిన తుక్కు వర్తకులతో ఆ బజారు ఎదిగింది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మివేసిన ఒక పాత పరిశోధనా యంత్రం అక్కడికి చేరింది. దానిలో కోబాల్టు-60 ఉన్నదని విప్పినవారికి ఎవరూ చెప్పలేదు. కూలికి విప్పినవారు ఆసుపత్రుల పాలయ్యారు. ఒక కార్మికుడు మరణించాడు. 2019 ఏప్రిల్‌లో కాలుష్యం పేరిట అదే బజారును సీలు చేయడానికి అధికారులు వచ్చినపుడు రాళ్ళు, లాఠీలు లేచినవి. ప్రభుత్వం ఆ వాడకు తాళం వేయడానికి వచ్చింది, కొలబద్ద పట్టుకొని ఎన్నడూ రాలేదు.

ఇక మన ఇంటి సంగతి. మెయిల్ మోటారు సర్వీసులో నైపుణ్యంగల ఆర్టిజనుల కేడరు ఉన్నది: మోటారు మెకానిక్కు, ఎలక్ట్రీషియను, కమ్మరి, వెల్డరు, టైరుమాను, పెయింటరు, వడ్రంగి, అప్‌హోల్స్టరు. ఆ జాబితా చదివితేనే తెలుస్తుంది, ఒకప్పుడు శాఖ తన బండిని తన చేతులతోనే నిలబెట్టుకొనేదని. కమ్మరి పోస్టు ఎందుకని కొత్తగా వచ్చిన అధికారులకు ఆశ్చర్యం కలుగవచ్చును. కమాను కట్ట కోసమే. ప్రభుత్వరంగంలో ఎక్కడ చూచినా ఇటువంటి చేతిపనివారు రిటైరవుతుంటే వారి స్థానంలో కాంట్రాక్టు పత్రం వస్తున్నది. ఆ పత్రంలో కిలోమీటరుకు రేటు ఉంటుంది, ఆలస్యానికి జరిమానా ఉంటుంది. బండి ముందు ఇరుసు గూర్చి ఒక వాక్యం ఉండదు. తక్కువ రేటు పలికినవానికి ఆ రేటు ఎక్కడినుండి గిట్టుబాటు అవుతున్నది? కొంత డ్రైవరు కూలి నుండి. కొంత ఆ ఆరవ పట్టీ నుండి.

మీరు జుగాడును వెనుకవేసుకొస్తున్నారని కొందరు మిత్రులు మాతో అన్నారు. కాదు. ఒకే నమూనా బండి నుండి, జోడీగా, కొలిచి, కొత్త యూ బోల్టులతో, కొత్త బుష్షులతో కమాను మార్చుటలో తప్పులేదని మాత్రమే మేము అంటున్నాము. కింగ్‌పిన్ను, స్టబ్ యాక్సిలు, డ్రాగ్ లింకు కొసలు వంటి వాటిలో పాతవి, పరీక్షలేనివి ఎట్టి పరిస్థితులలోనూ వేయకూడదు. కమాను విరిగితే బండి ఒరుగుతుంది, స్టబ్ యాక్సిలు విరిగితే చక్రమే ఊడిపోతుంది. ఈ రెంటికీ నడుమ గీత గీయుట ఇంజనీరుకు సాధ్యమే. తయారీ నిలిచిపోయిన నమూనాల కమాను కొలతలు, ఇరుసు కోణాలు, ఏ భాగానికి ఏది బదులు వేయవచ్చునో తెలిపే పట్టిక తయారీదారు వద్ద ఉంటుంది. దానిని దాచుకొని, భాగం అమ్మడం మానివేసి, వీధివాడు తప్పుచేశాడని అనుట న్యాయం కాదు. ఆ పట్టికను బహిరంగం చేయవలె. ఒక కమాను బిగువు పరీక్షా యంత్రాన్ని ఆటోనగర్ వంటి వాడలోనో, మాయాపురి వంటి బజారులోనో నామమాత్రపు రుసుముకు అందుబాటులో ఉంచుట ఏ ప్రభుత్వానికీ మోయలేని భారం కాదు. ఉస్తాదుకు ఐ.టి.ఐ. పరీక్ష పెట్టి, పని చూచి, సర్టిఫికెట్టు ఇయ్యవచ్చును. పుస్తకం చదివించి కాదు, కట్ట విప్పించి.

టపా మోసే కాంట్రాక్టు బండ్ల విషయంలో మన చేతనైనది మనమే చేయవచ్చును. కాంట్రాక్టు షరతులలో ఆరు మాసాలకొకసారి ముందు ఇరుసు, కమానులు, స్టీరింగు పరీక్ష జరిపించి, ఆ పరీక్ష మెయిల్ మోటారు సర్వీసు వర్క్‌షాపు ఉన్నచోట ఆ వర్క్‌షాపు ఆర్టిజను చేతనే చేయించవలెనని మన కోర్కె. బండి లాగుతున్నదని ఫిర్యాదు చేసిన డ్రైవరును ఆ కారణంచేత తొలగించరాదని కూడ ఆ షరతులలో వ్రాయించవలె. తపాలా, ఆర్.ఎం.ఎస్. శాఖా కార్యదర్శులు ఈ రెండు అంశాలను తమ తమ సర్కిలు చర్చల అజెండాకు పంపవలసినదిగా కోరుతున్నాము. రైల్వే వైపు నుండి, స్ప్రింగు పరీక్షా యంత్రంపై పనిచేసిన సోదరులు తమ షాపులో గ్రూపులు ఎలా విడదీస్తారో, కొత్తవానికి ఆ పని నేర్పడానికి ఎన్ని రోజులు పట్టుతుందో ఒక పుట వ్రాసి పంపితే ఆ కాగితాన్ని మేము చర్చలకు వెంట తీసుకొనిపోతాము.

ఆ డ్రైవరు బండికి తరువాత ఏమయిందని అడుగుతారు. విశ్రాంత సోదరుడు, ఉస్తాదు కలిసి ఒక ఆదివారం కుడి కట్ట కూడ విప్పి, ఒకే నమూనా జోడీ వెతికి వేశారు. పాత యూ బోల్టులు పారవేసి కొత్తవి బిగించారు. ఖర్చులో కొంత మా కార్యాలయంలోని వారు చందా వేసుకున్నారు. కాంట్రాక్టరు ఒక్క రూపాయి ఇయ్యలేదు. మూడు వారాల తరువాత డ్రైవరు కనిపించి, భుజం నొప్పి తగ్గిందన్నాడు. రేటు తగ్గించి వేరొకరు టెండరు వేసినందున వచ్చే నెల నుండి ఆ బండి ఈ రూటుకు రాదని కూడ చెప్పాడు.